ఒక దెబ్బ లోపలికి, రెండు దెబ్బలు బయటికి

కమలాపురం చుట్టుపక్కల ఇల్లు కట్టించుకున్నవాళ్లను ఎవరిని అడిగినా, ఆదెన్న మేస్త్రి కట్టిన గోడకు వంక పెట్టలేమనే చెబుతారు. ఆ గోడను ఇద్దరు కట్టారని మాత్రం ఎవరూ చెప్పరు. ఆదెన్న ఇటుక పేరుస్తాడు, ఆయన భార్య చౌడేశ్వరి సిమెంటు మాలు కలిపి తట్టకెత్తుకొచ్చి అందిస్తుంది. జనం చూసేది అంతవరకే. మొగుడూ పెళ్లాం జతగా బేల్దారి పనికి పోవడం ఆ వైపున వింతేమీ కాదు కాబట్టి ఇంకాస్త పరీక్షగా చూడాలని ఎవరికీ తోచలేదు.

చూసి ఉంటే తెలిసేది, ఆదెన్నకు చూపు ఆనదని. ఎదురుగా మనిషి వస్తే ఎవరో వస్తున్నారని తెలుస్తుంది, గొంతు వింటే పేరు పెట్టి పలకరిస్తాడు. ఎండ ఏ మూల నుంచి కొడుతోందో, చీర ఎరుపో పసుపో చెప్పగలడు. కానీ గోడ నిట్టనిలువుగా లేచిందో లేదో చూసుకోవడానికి వదిలే తూకం గుండు ఉంది చూశారూ, దాని దారం ఆయన కంటికి లేనట్టే. చక్కెర జబ్బు కంటి వెనక నరాన్ని తినేసిందని కడప డాక్టరు చెప్పాడు. పొరైతే తీసేసేవాళ్లం, నరానికి మందు లేదన్నాడు. ఆ మాటను ఆస్పత్రి మెట్ల మీదే వదిలేసి ఇద్దరూ ఇంటికొచ్చారు. మర్నాడు మామూలుగా పనికి పోయారు.

అప్పటి నుంచి ఆయన చేతులు ఆయనవి, కళ్లు ఆమెవి. చౌడేశ్వరి తట్ట దించి వెనకాల నిలబడుతుంది, దారం వైపు చూస్తుంది. ఇటుక బయటికి వచ్చి ఉంటే తట్ట అంచు మీద చిన్న రాయితో ఒక దెబ్బ కొడుతుంది. ఆదెన్న ఇటుకను లోపలికి నెడతాడు. లోపలికి పోయి ఉంటే రెండు దెబ్బలు. ఆయన బయటికి లాగుతాడు. ఏ చప్పుడూ లేకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టు. తట్టకంటిన మాలు రాలగొడుతోందని తక్కిన కూలీలు అనుకునేవాళ్లు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ దెబ్బల అర్థం ఒక్క గోడకైనా తెలిసి ఉండదు.

ఆ దెబ్బల భాష వాళ్లు కొత్తగా కనిపెట్టిందీ కాదు. ఇద్దరూ జమ్మలమడుగు వైపు చేనేత ఇళ్లలో పుట్టినవాళ్లు. పెళ్లయిన కొత్తలో ఆదెన్న గుంత మగ్గంలో కూర్చుని చీర నేసేవాడు, చౌడేశ్వరి వసారాలో రాట్నం ముందు కండెలు చుట్టేది. మధ్యలో అత్తగారు. నోరు తెరిచి భార్యను పిలిచేంత ధైర్యం ఆ ఇంట్లో మగవాళ్లకు ఉండేది కాదు. కండె అయిపోతే ఆదెన్న పోగు నడిపే నాడెతో మగ్గం గుంజ మీద ఒక దెబ్బ కొట్టేవాడు. పోగు తెగితే రెండు. కండె నిండుగా ఉండి, పోగు తెగకుండా ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి దెబ్బలు వినిపించేవి. అప్పుడు చౌడేశ్వరి ముసిముసిగా నవ్వుకుంటూ లోపలికి పోయేది. “మావాని మగ్గంలో పోగులు నిలవవేమే?” అని అత్తగారు విసుక్కునేది. తర్వాత మరమగ్గాలొచ్చి చేతిమగ్గం నోట్లో మట్టి కొట్టాయి. గుంత పూడ్చేసి, గుంజలు పీకి పొయ్యిలో పెట్టి, ఇద్దరూ కమలాపురం చేరి తాపీ, తట్ట పట్టారు. వెంట తెచ్చుకున్న ఆస్తి ఏదైనా ఉందంటే ఆ దెబ్బలే.

ఇలా ఎవరికీ చెప్పుకోని కాపురం ఒకటి గోడల చాటున సాగిపోతుండగా, ప్రభుత్వానికి గోడల మీద దయ కలిగింది.

ఊరి బయట పేదల కాలనీ కడుతున్నారు. పునాదులు లేచాయి గానీ గోడలు లేవడం లేదు. మన పనివాడు ఒక రోజులో చేసే పని మిగతాచోట్ల చేసే పనిలో సగం కూడా లేదని పైన ఎవరో తేల్చారట. ఒక ఉదయం కాలనీలో షామియానా వేశారు, ‘నిర్మాణ రంగంలో ఉత్పాదకత’ అని ఫ్లెక్సీ కట్టారు. ఆ మాట తడబడకుండా పలికినవాడు కర్నూలు నుంచి వచ్చిన శిక్షణాధికారి భూపేష్ ఒక్కడే. కుర్రవాడు, మంచివాడు, ఎండలో టోపీ కూడా లేకుండా నిలబడి ఓపిగ్గా చెప్పాడు. ఇకమీదట చిన్న ఇటుకలు ఉండవు, ఒక్కొక్కటి ఆరేడు ఇటుకలంత ఉండే పెద్ద దిమ్మెలు వస్తాయి. మాలు యంత్రం కలుపుతుంది. మేస్త్రీలందరికీ కడప శిక్షణ కేంద్రంలో పని నేర్పించి పరీక్ష పెడతారు. గెలిచినవాళ్లకు కార్డు ఇస్తారు, కూలి పెంచుతారు. కార్డు లేనివాళ్లు సర్కారు కాలనీలో గోడ ముట్టుకోకూడదు. పరీక్షలో జతలుండవు, ఎవరి గోడ వాళ్లదే.

మంచి ఉద్దేశమే. మంచి ఉద్దేశాలతో వచ్చే తంటా ఏమిటంటే, వాటి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

ఆదెన్నకు ఈ కాలనీలో ఇంకో లంకె ఉంది. అందులో కొస ప్లాటు వాళ్లిద్దరికీ వచ్చింది. ఊరందరికీ ఇళ్లు కట్టి ఇన్నేళ్లుగా తాము మాత్రం రేకుల కింద ఉడికిపోతున్నవాళ్లు. ఆ ప్లాటు వచ్చిన నాటి నుంచి ఆదెన్న నోట ఒకటే మాట, ‘మన ఇంటి గోడ నా చేత్తోనే లేపల్ల’ అని. చూపు పూర్తిగా ఆరిపోయేలోపు ఆ ఒక్క పని అయిపోతే చాలని ఆయన ఆశ. నోరు విడిచి ఎప్పుడూ అనకపోయినా చౌడేశ్వరికి అది తెలుసు.

షామియానా విప్పుతుండగా ఆదెన్న కాంట్రాక్టరు వెంకటేశ్వర్లు దగ్గరికి పోయాడు. “ఏమన్నా, నా ఇంటి గోడ నేను కట్టుకునేదానికి గూడా కార్డు కావల్లనా?”

“కావల్లప్పా. నీ ఇల్లయినా బిల్లు గవుర్మెంటుది గదా. అయినా నీకేం భయమప్పా? నీకు రాకపోతే ఇంగ ఎవురికొస్తాది కార్డు?” అని వెంకటేశ్వర్లు భుజం తట్టి పోయాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఇంటికొచ్చాక చౌడేశ్వరి పరీక్షకు పోవద్దని బతిమాలింది. “ఆ సారు మంచోని మాదిరి ఉండాడు. కండ్ల సంగతి చెప్పేద్దాం. ఏదో ఒక దోవ చూపిస్తాడు.”

“ఏం దోవ చూపిస్తాడు? బేల్దారోనికి కండ్లు లేవంటే ఊరు ఊరంతా తమ ఇంటి గోడలు తడుముకుంటుంది. ఇన్నేండ్లు కట్టిందంతా వంకరేమో అంటారు. నువ్వు పక్కన ఉంటే చాలుమ్మే నాకు.”

“పక్కన ఎట్లుంటా? ఒక్కొక్కరే అంట గదా.”

దానికి జవాబును ఇంటికి తెచ్చిచ్చినవాడు భూపేష్. ప్రతి జట్టులో ఆడవాళ్లు కూడా ఉండాలని పైనుంచి ఆదేశం ఉందట, తాపీ పట్టే ఆడమనిషి దొరక్క తిరుగుతున్నాడు. ఆడది తాపీ పడితే గోడ నిలవదని పాత మేస్త్రీలు అనే మాట ఆయనకు తెలియదు, తెలిసినా లెక్కచేసే రకం కాదు. “ఆదెన్నా, మీ ఆవిడ్ని పంపించు. నేర్పేది మా పని” అన్నాడు.

చౌడేశ్వరి తల అడ్డంగా ఊపేలోపే ఆదెన్న సరే అనేశాడు. “అయితే సార్, మా ఇద్దర్ని పక్కపక్కనే పెట్టల్ల. ఆడమనిషి, బెదురుకుంటాది” అన్నాడు. బెదురుతున్నది ఎవరో చౌడేశ్వరికి తెలుసు, ఆమె నవ్వలేదు.

భూపేష్ పోయాక ఆదెన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “నీ గోడ కడతా నా గోడ చూస్తాండు. ఈడ కొట్టినట్టే ఆడ కొట్టు.”

“రెండు గోడలు ఒక్క కంటితో ఎట్ల చూసేదయ్యా? నా గోడ ఏం గావల్ల?”

“నీది పోతే పోనీలేమ్మే. నీకు కార్డు వస్తే ఎంత, రాకపోతే ఎంత?”

ఆయన చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదది. నిజమే కదా అని ఆమె కూడా అనుకుంది. అయినా కంట్లో నలుసు పడ్డట్టు ఆ మాట లోపల ఎక్కడో ఉండిపోయింది. సరేనని మాట ఇచ్చింది.

కడప ఊరి బయట పెద్ద రేకుల షెడ్డులో శిక్షణ. అక్కడ ఇనుప తట్టలు లేవు, అన్నీ ప్లాస్టిక్ బొచ్చెలు. వాటి అంచు మీద కొడితే చప్పుడే రాదు. దాంతో ఆదెన్న, “దిమ్మె మీదనే కొట్టు, తాపీ పిడి మడమతో” అన్నాడు. ఆ మాట అనుకున్న రోజే భూపేష్ ఇంకో పాఠం చెప్పాడు. దిమ్మెను మాలు మీద పెట్టాక మన పాత మేస్త్రీల్లాగా అరచేతులతో నొక్కుతూ కూర్చోకూడదట. తాపీ మడమతో ఒక దెబ్బ, మొండిది అయితే రెండు. దిమ్మె ఇట్టే కూర్చుంటుంది, పని రెట్టింపు అవుతుంది. “మీ ఆలస్యమంతా ఆ నొక్కుళ్లలోనే ఉంది” అని కొట్టి చూపించాడు. టక్. టక్ టక్.

చౌడేశ్వరి ఆదెన్న వైపు చూసింది. ఆయన తల వంచుకుని వింటున్నాడు. బయటికి వచ్చాక ఆమె, “పరీక్ష నాడు నా దిమ్మెలు చేత్తోనే నొక్కుకుంటా. తాపీ దెబ్బ నీకోసమే పెట్టుకుంటా” అంది. ఎందరు కొట్టినా ఆమె దెబ్బ ఆయన చెవికి వేరే, అందుకే ఆదెన్న తేలికపడ్డాడు. దారిలో పాడెను దించి పీనుగ చెవిలో పేరు పెట్టి పిలిచేవాళ్లకు కూడా ఆశ ఉంటుంది. ఆయనది అంతకన్నా పెద్దదే.

పరీక్ష నాడు వాళ్లకు పక్కపక్క అరలు ఇచ్చారు. మధ్యలో పచ్చటి వల కట్టారు. దగ్గరికి పోయి చూస్తే అవతలి గోడ, దాని తూకం దారం బాగానే కనిపిస్తాయి. ఈల వేశారు. చౌడేశ్వరి మొదటి వరుస పెడుతూనే వల దగ్గరికి వంగి చూసింది. ఆదెన్న దిమ్మె కాస్త బయటికి ఉంది. తాపీ మడమతో తన దిమ్మె మీద ఒక దెబ్బ కొట్టింది. అవతల ఆయన చెయ్యి దిమ్మెను లోపలికి నెట్టింది. దారం సరిపోయింది. ఆమెకు గుండె కుదుటపడింది. రెండో వరుసకూ అలాగే చేసింది. తన దిమ్మెలను మాత్రం అన్న మాట ప్రకారం అరచేతులతో నొక్కుకుంటూ వచ్చింది.

తర్వాత ఏం జరిగిందో ఆమెనే అడిగినా చెప్పలేకపోయేది. యంత్రం కలిపిన మాలు వెన్నలా ఉంది. తాపీ చేతిలో ఒదిగిపోయింది. ఇన్నేళ్లుగా గోడను ఆమె వెనక నుంచే చూసింది, బరువు దించిన చోటు నుంచి, ఇంకొకరి భుజం మీదుగా. గోడ తనకు ఎదురుగా నిలబడడం ఆమె జన్మలో అదే మొదటిసారి. ఒక దిమ్మె పెట్టి తూకం గుండు వదిలింది. దారం వచ్చి దిమ్మె పక్కన, అంటీ అంటకుండా, తల్లి పక్కన దూడలాగా నిలబడింది. ఇది నేను పెట్టిందే అనుకుంది. ఇంకొకటి పెట్టింది. అదీ నిలబడింది. ఆమెకు ఒళ్లంతా సంతోషం పాకింది. పక్క అరవాళ్లు వేగంగా పోతున్నారు, తాపీ దెబ్బలు షెడ్డంతా వినిపిస్తున్నాయి, ఆమె చెయ్యి కూడా తెలియకుండానే ఆ పాఠంలోకి జారిపోయింది. దిమ్మె పెట్టు, ఒక దెబ్బ. మొండిది, రెండు దెబ్బలు. టక్. టక్ టక్. టక్. వల సంగతి, వల అవతల మనిషి సంగతి ఆమెకు గుర్తుకు రాలేదు. మళ్లీ ఒక్కసారి కూడా అటు చూడలేదు.

ఈల మోగింది.

భూపేష్ మట్టం పెట్టి చూసి, “చౌడేశ్వరమ్మా, ఎక్కడ దాచారండీ ఇన్నాళ్లూ?” అని నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు, ఆ చప్పట్ల మధ్యలో, ఆమెకు ఆదెన్న గుర్తొచ్చాడు. వల తప్పించుకుని పక్క అరలోకి పరిగెత్తింది.

ఆదెన్న గోడ మధ్యలో కడుపుతో ఉన్నదానిలాగా ముందుకు పొడుచుకొచ్చి, పైన మళ్లీ వెనక్కి వాలి ఉంది. ఆయన దాని పక్కనే నిలబడి ఉన్నాడు, చెమట తుడుచుకుంటూ, ముఖం నిండా ధీమాతో. ఆ ధీమా చూసే ఆమెకు ఏడుపొచ్చింది.

భూపేష్ వచ్చి గోడకు మట్టం ఆనించి, తీసేశాడు. “ఏంది ఆదెన్నా ఇది? నీ పేరు ఎంత విన్నానప్పా నేను!”

“ఏమైంది సార్?” అని ఆదెన్న గోడ మీద చెయ్యి వేశాడు. కింద నుంచి పైకి తడిమాడు. ఆ వేళ్లు చేనేత వేళ్లు, నూలు పోగు లావు సన్నం తెలిసినవి. మధ్యకు వచ్చేసరికి ఆగిపోయాయి. ముఖంలో ధీమా కరిగిపోతుంటే ఎవరి వైపు చూడాలో తెలియక గోడ వైపే తిరిగి ఉండిపోయాడు. తర్వాత మెల్లగా, “కండ్లు కొంచెం మసకలే సార్” అన్నాడు.

“ముందే చెప్పొచ్చు కదా?”

“చెప్పింటే ఏం జేసేవాళ్లు సార్?”

పాపం, భూపేష్‌కు ఇచ్చిన పుస్తకంలో దానికి పాఠం లేదు. సాయం చేసేవాళ్లకు ఇచ్చే కార్డు ఇప్పిస్తానని, అందులో చూపుతో పెద్దగా పని ఉండదని చెప్పి, తల వంచుకుని పక్క అరలోకి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. చౌడేశ్వరి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒడిలో కార్డు, మెడలో వేసుకోమని ఇచ్చిన నీలం తాడుతో సహా. ఆదెన్న ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు.

“ఏడ్వొద్దుమ్మే. నీ తప్పేముండాది ఇందులో? వల సందులోంచి నీకు మాత్రం ఏం కనపడతాది? అయినా పాపం ఆపకుండా కొడతానే ఉన్న్యావు. నీ గోడ కట్టుకుంటా కూడా నన్ను ఇడిసిపెట్టలేదు.”

ఒడిలోని నీలం తాడును ఆమె వేలికి బిగించి చుట్టుకుంది.

“నువ్వు కొట్టినట్టల్లా జరిపినా. నడుమ ఒకటి రెండు సార్లు నా చెయ్యి చెప్తానే ఉన్నింది, ఇది సరిగ్గానే ఉండాది, జరపొద్దు అని. నీ మాట ఉండంగ నా చెయ్యి మాట నేనెందుకు వింటా?”

చెప్పేయాలి అనుకుంది చౌడేశ్వరి. ఆ దెబ్బలు నీకు కాదయ్యా, నా దిమ్మెలకు. నేను నిన్ను మరిచిపోయినా. నేను సంతోషంగా ఉన్నింటి. మాట పెదవుల దాకా వచ్చింది. బస్సు కుదుపుకు ఆయన తల ఆమె భుజం మీదికి వాలింది, అలిసిపోయి కునుకు తీస్తున్నాడు. ఒక్కోసారి నిజం చెప్పడం మన బరువు దించుకోవడానికే, ఎదుటివాడి కోసం కాదు. ఆమె మాటను మింగేసింది. ఆ మింగిన మాట ఆమెను జన్మంతా వదలదని ఆమెకు అప్పుడే తెలుసు.

తర్వాతి నెలలో కొస ప్లాటులో పని మొదలైంది. కార్డు ఉన్న మేస్త్రి చౌడేశ్వరి, తట్ట మోసే కార్డు ఆదెన్నది. చూసినవాళ్లు ఊరుకుంటారా? “ఏమప్పా ఆదెన్నా, పెండ్లాం కింద కూలికి చేరితివా?” అని ఒకడు. “ఇన్నేండ్లు ఆమె మోసిందిలేప్పా. ఇప్పుడు నా వంతు” అని ఆదెన్న అందరికంటే గట్టిగా నవ్వేవాడు. తన తాపీని మాత్రం రేకుల ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడదీశాడు. వాడకపోయినా పొద్దున్నే దాన్ని దించి, గుడ్డతో తుడిచి, మళ్లీ తగిలించి పనికి వచ్చేవాడు.

చౌడేశ్వరి గోడ కడుతుంటే చప్పుడు ఉండేది కాదు. దిమ్మె పెట్టి, మోకాళ్ల మీద లేచి, రెండు అరచేతులతో బరువంతా వేసి నొక్కేది. తాపీ మడమ ఒక్కసారి కూడా దిమ్మెకు తగలనిచ్చేది కాదు. ఒకసారి పక్క ఇంట్లో ఎవరో టక్ మని కొడితే, తట్ట మోస్తున్న ఆదెన్న చెయ్యి గాలిలో లేచి లోపలికి నెట్టినట్టు కదలడం ఆమె చూసింది. కొద్దిరోజులకు అరచేతులు సిమెంటుకు పగిలి నెత్తురు చిమ్మాయి. సాయంత్రాల్లో ఆదెన్న వాటికి ఆముదం రాస్తూ, “తాపీ ఉండంగ చేత్తో ఎందుకు నొక్కుతావే, పిచ్చిదానా?” అనేవాడు. ఆమె మాట మార్చేది.

భూపేష్ వారానికోసారి వచ్చి ఎవరి గోడ ఎంత లేచిందో ఫోనులో ఎక్కించుకునేవాడు. కాలనీ అంతటిలో చౌడేశ్వరి పనే వెనకబడింది. “పరీక్షలో అంత బాగా చేశారు కదండీ. ఒక దెబ్బ కొడితే పోయేదానికి ఇంత యాతనా? ఇట్లయితే మీ గ్రేడు తగ్గించాల్సి వస్తుంది” అని బాధపడ్డాడు.

“నాకు ఇట్లనే వస్తాది సార్” అంది చౌడేశ్వరి.

గోడలు మూడు వైపులా పూర్తయ్యాయి. తలవాకిలి పక్క గోడ ఛాతీ ఎత్తుకు వచ్చింది. పొద్దున పదింటి ఎండ. ఆదెన్న తట్ట దించి, గోడ దగ్గరికి వచ్చి, కింది నుంచి మెల్లగా తడమడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క వరుస, ఒక్కొక్క సందు. చౌడేశ్వరి చేతిలో పని ఆపి ఆయన వేళ్లనే చూస్తోంది.

“బాగా లేసింది గోడ” అన్నాడు. “నేను కట్టింటే గూడా ఇట్ల వచ్చేది కాదు.”

“నీ దగ్గర నేర్చుకునిందే గదా.”

ఆయన చెయ్యి పైవరుస మీద ఆగింది. “మన ఇల్లు సగానికి వచ్చిందే” అన్నాడు మళ్లీ, గొంతు తగ్గించి. “ఒక్కసారన్నా పిలవలేదు నన్ను.”

చౌడేశ్వరికి అప్పుడు తెలిసింది. ఆయన కోసమని తాను అరచేతులు చీల్చుకుని దాచిన చప్పుడు కోసమే ఆయన ఇన్నాళ్లూ తట్ట మోస్తూ చెవులు రిక్కించి కాచుకుని ఉన్నాడు. ఆమె ఆ మౌనాన్ని తన తప్పుకు శిక్ష అనుకుంది. ఆ శిక్ష ఆయనకు కూడా పడుతుందని అనుకోలేదు.

అప్పుడే పెట్టిన దిమ్మె ఒకటి ఆమె ముందు ఉంది. మాలు ఇంకా పచ్చిగానే ఉంది. తూకం దారం దాని పక్కన నిఠారుగా, ఎక్కడా వంక లేకుండా నిలబడి ఉంది. చౌడేశ్వరి తాపీని తిరగేసి పట్టుకుంది.

టక్ టక్.

ఆదెన్న ముఖం వెలిగిపోయింది. తడుముకుంటూ వచ్చి, దిమ్మె అంచు దొరకబుచ్చుకుని, రెండు చేతులతో బయటికి లాగాడు. ఎంతో నేర్పుగా, లాగీ లాగనట్టు. దిమ్మె దారాన్ని తోసుకుని అరవేలు బయటికి వచ్చింది.

“సరిపోయిందామ్మే?”

“సరిపోయింది” అంది చౌడేశ్వరి.

భూపేష్ కాసేపటికే వచ్చాడు. ఆదెన్న రోడ్డు మీద ఆగిన ట్యాంకరు దగ్గర నీళ్లు పడుతున్నాడు. మట్టం పెట్టి చూసిన భూపేష్ ఆ దిమ్మె దగ్గర ఆగిపోయాడు. “ఇంత గోడలో ఇదొక్కటి ఎందుకిట్లా వచ్చిందండీ? ఇంకా పచ్చిగానే ఉంది. తీసి సరిగ్గా పెట్టేయండి.”

“దాన్ని ముట్టుకోవద్దు సార్” అంది చౌడేశ్వరి. దిమ్మెకు అడ్డంగా నిలబడింది. “నా గ్రేడు తగ్గించుకోండి. కార్డు తీసుకున్నా సరే.”

ఆయన ఆమె ముఖం చూశాడు, పగిలిన చేతులు చూశాడు. ఏమీ అర్థం కాకపోయినా ఇంక అడగలేదు. ఫోనులో ఏదో నొక్కుకుంటూ పక్క ఇంటికి వెళ్లిపోయాడు.

ఆదెన్న నీళ్ల బిందె దించి, ఆమె కొంగు అంచు ఎక్కడుందో వెతికి ముఖం తుడుచుకున్నాడు. “ఏమంటాండాడే సారు?”

“గోడ బాగుండాదంట” అని చెప్పి, చౌడేశ్వరి ఆ దిమ్మె మీద మాలు పరిచింది.